ట్రయల్

ఆటోనగర్ మూడో క్రాసు రోడ్డులో
చక్రాలు సరిచేసే కొట్టు నాది.
బండి ర్యాంపు ఎక్కేలోపే
ఓనరు నోట్లోంచి ఇంకో బండి దిగుతుంది.

గుంటూరు యార్డు మిరప వ్యాపారి వీరనారాయణ గారు
ఎర్ర సెడాను తలుపు తీయగానే నాకు తుమ్ములు.
"తొమ్మిది స్పీకర్లు మీరా! సీటు కిందనుంచి చల్లగాలి,
పైన అద్దం జరిపితే ఆకాశం."
మే నెల ఆకాశం ఎవరిక్కావాలండీ అంటే
"ఎవరు జరుపుతారయ్యా, ఉండాలి అంతే."
నాలుగేళ్ళ బండి.
టైరు భుజమ్మీద రబ్బరు నూగు ఇంకా రాలలేదు.

పళ్ళ డాక్టరు హైమవతి గారిది వేరే తీరు.
సున్నా నుంచి వందకి ఎన్ని సెకండ్లో ఆమె చెప్పదు.
బందరు రోడ్డు స్పీడు బ్రేకర్ని మూలగా ఎక్కిస్తుంది,
వెనక ఆటోవాడు హారన్‌తో తిడుతున్నా.
అయినా అడుగు గీసుకుంటుంది,
"నా వెన్నే గీసుకున్నట్టుంటుంది మీరా."
మరి ఎత్తు బండి కొనుక్కోకపోయారా?
"నేలకి దగ్గరగా కూర్చుంటేనేనయ్యా
రోడ్డు ఏమంటోందో వినపడేది.
పన్ను ఎక్కడ మెత్తనో, ఎక్కడ గట్టో
డ్రిల్లు పట్టిన వేలికే తెలుస్తుంది చూడు,
ఆ స్టీరింగు అట్లా."

ఇంకా ఉన్నారు, పటమట అన్నదమ్ములు.
ఒకే మోడలు, ఒకే నీలం.
పెద్దోడిది గేరున్నది, చిన్నోడిది లేనిది.
"గేరు మార్చనిది డ్రైవింగేంట్రా,
లిఫ్టులో నిలబడ్డట్టు!"
"సాయంత్రం ఆరింటికి బెంజి సర్కిల్లో
నీ ఎడంకాలినడుగు, అది చెబుతుంది."
టీలు చల్లారతాయి, తగువు చల్లారదు.

అందరి మాటా వింటాను.
రిమ్ముకి సీసం ముక్క కొడుతూ
ఊఁ అంటాను.

ఏసుపాదం గారు మాత్రం ఏమీ చెప్పలేదు.
రైలింజను డ్రైవరు, రిటైరై మూడు నెలలు.
చేతులు మారిన బండి, పదకొండేళ్ళది,
బానెట్ మీద రంగు పొలుసులు లేచింది,
కుడిపక్క స్పీకరు మూగది.
ఫీచర్లేమున్నాయి సార్ అన్నా, ఊరికే.
"స్టీరింగుంది" అన్నారు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ముప్పై నాలుగేళ్ళు తోలాను.
నూట పదిలో పోతుంటే వెనక వెయ్యిమంది నిద్ర.
కృష్ణా కెనాల్ దగ్గర దారి చీలుతుంది,
ఒకటి గుంటూరుకి, ఒకటి తెనాలికి.
ఏ రోజూ నేను తిప్పలేదు. పట్టా తిప్పేది.
లాగడం తెలుసు ఈ చేతులకి, ఆపడం తెలుసు."
అరచేతులు చూసుకుని, జేబులో పెట్టేసుకున్నారు.

పని అయ్యాక ట్రయల్‌కి నేనే తీశాను.
వారధి మీద, ఖాళీ చూసి, రెండు చేతులూ వదిలాను.
మా పనికి పరీక్ష అదే:
వదిలేసినా బండి తిన్నగా పోవాలి.
పోయింది, గీత గీసినట్టు.
మెచ్చుకుంటారని పక్కకి చూశాను.
"తిన్నగా పోవడం నాకు తెలుసులే నాయనా,
ఇటివ్వు."

సీటు మారాం.
కరకట్ట మీద ఏటి వెంట మలుపులు,
ఎడమన అరటి తోట, కుడిన చీకట్లో నీళ్ళు.
మొదటి మలుపుకి బ్రేకు ముందే తొక్కేశారు,
మైలు దూరంలో సిగ్నల్ చూసినవాడిలా.
రెండోదానికి కొంచెం ఆగి తొక్కారు.
మూడోదానికి బండి ముక్కు లోపలికి ఒదిగింది,
నా భుజం తలుపుకి ఆనింది,
ఆయన గొంతులోంచి ఏదో చిన్న చప్పుడొచ్చింది.
దగ్గేమో అనుకున్నాను.

వెనక ఎక్కడో బ్రిడ్జి మీద రైలు కూసింది.
ఏ బండో వినగానే చెప్పగల మనిషి
చెప్పలేదు.
ఎదర ఇంకో మలుపుంది.

నెల తిరక్కుండా మళ్ళీ వచ్చారు.
బండి ర్యాంపెక్కించి టార్చి వేశాను.
టైర్ల భుజాలు అరిగిపోయాయి,
రెండు పక్కలా.