ల్యాంపు రూము బిళ్ళలు

ఓదెలు సారు టీం మీటింగు
ల్యాంపు రూము బల్ల మీద.
ఇత్తడి బిళ్ళలు పదకొండు,
గనిల దిగేటోళ్ళు ఇచ్చిపోయే వాటిల్ల
నంబరు అరిగిపోయి పక్కన పడేసినవి.
"ఇది నువ్వు" అని ఒకటి ముందుకు జరిపిండు,
అప్పుడు నాకు పదిహేడేండ్లు.
ఇత్తడి చల్లగ ఉండె. బ్యాటరీ యాసిడు వాసన.

ఆయన ఆడంగ నేను చూడలే.
చూసినోళ్ళు మందమర్రి అంగట్ల ఇంకా ఉన్నరు.
ఎడమ అంచు పట్టి పోతుంటే
ఆపబోయినోడు నీళ్ళు పట్టుకున్నట్టు
ఉత్త చేతులతోని నిలబడేటోడట.
కోడూరి సాంబయ్య కల్లు మండువ కాడ
ఒక్క గోలునే ఇరవై తీర్ల చెప్తడు,
చెప్పినప్పుడల్ల రెండు గజాలు దూరం పెరుగుతది.

వరంగల్ల ఫైనలు.
మోకాలికి గుడ్డ చుట్టి, సూదేసి,
"ఇంకో అర్ధగంట, ఓదెలూ" అన్నరట.
ఆడిండు.
గోలు కూడ కొట్టిండు.
తెల్లారి కాలు వంగలే.
మళ్ళెన్నడు పూరాగ వంగలే.
కంపెనీ దయతలిచి
భూమి మీద కొలువిచ్చింది:
కిటికీ అవతలి చేతికి దీపం ఇచ్చుడు,
బిళ్ళ తీసుకునుడు,
షిఫ్టు దిగినంక
మొలకు ఏ బిళ్ళ ఇంకా వేలాడుతుందో చూసుడు.

మేనేజరంటే కోటు, బూటు అనుకున్నం మేము.
మా మేనేజరు భుజాన ఎర్ర గంచ,
జేబుల నిమ్మకాయ, బెల్లం పలుకు.
కోల్‌ఫిల్లర్ల పిల్లలం,
ఒక జత బూట్లు ఇద్దరు పంచుకునేటోళ్ళం.
మమ్మల్ని పట్టుకొని
ఎనిమిదేండ్లల్ల ఆరు కప్పులు.
రామగుండం వాళ్ళను వాళ్ళ గ్రౌండుల,
బెల్లంపల్లిని బురదల,
కాజీపేట రైల్వే జట్టును
వాళ్ళ రైలే లేటయ్యి అలిసొచ్చిన పొద్దున.
ఆ ఒక్కటి మేం ఎక్కువ చెప్పుకోం.

పొగిడేటోడు కాదు.
గెలిచిన్నాడు కూడ బిళ్ళలు లెక్కపెట్టి
డబ్బల వేసి మూత బిగించేది.
"పదకొండు దిగినయి, పదకొండు ఎక్కినయి.
పోయి బువ్వ తినుండ్రి."

ఏడో కప్పు మళ్ళ వరంగల్లనే.
ఒకటికొకటి. ఇంకా ఇరవై నిమిషాలు.
నా కుడి మోకాలు లోపల
ఎండు కంది కట్టె ఇరిగినట్టు సప్పుడు.
నేను తప్ప ఎవరు వినలేదనుకున్న.
నవ్విన. చెయ్యి ఊపిన. ఉరికిన.
గీత అవతల ఆయన లేచి నిలబడ్డడు.

"రా బయటికి."

మార్చెటందుకు మనుషులు అయిపోయిండ్రు,
పది మందే మిగుల్తరు.
కుర్చీలల్ల కంపెనీ పెద్దలు లేచిండ్రు.
జనం తిట్టిండ్రు, ఆయన తల్లిని తిట్టిండ్రు.
నేను కూడ తిట్టిన, మొఖం మీదనే,
ఇప్పుడు రాయలేని మాటతోని.
ఆయన వంగని కాలు చాపుకొని
గడ్డిల కూసొని
నా బూటు లేసు ఇప్పిండు.
ముడి తడిసి బిగుసుకుంది. పళ్ళతోని లాగిండు.

ఓడినం.
మరుసటేడు కొత్త మేనేజరు,
మెడల ఈల, చేతుల అట్ట ముక్క.
ఓదెలు సారు కిటికీ ఎనుకకు.

కప్పులు క్లబ్బు బీరువల నల్లబడ్డయి.
బోర్డు మీద ఆరు ఏండ్లు, కింద ఆయన పేరు
ఓదేలు అని,
దీర్ఘం తప్పు. ఎవ్వలు దిద్దలే.
ఓడిన ఏడు రాసి లేదు.

నాది ఇప్పుడు మూడో షిఫ్టు.
ఇంక్లైను దిగుత, ఎక్కుత,
రెండు మోకాళ్ళు నా మాట వింటయి.
ఆయన కొలువు దిగిపోయే రాత్రి
దీపంతోని పాటు ఒక బిళ్ళ ఇవతలికి జరిపిండు.
నంబరు లేదు.
ఇత్తడి చల్లగ లేదు.
తిరిగిస్తే తీసుకోలే.
"లెక్క సరిపోయింది, జరుగు" అన్నడు
నా ఎనుకున్నోడి చెయ్యి కోసం చూస్తూ.