పదిహేడో ఫుట్‌నోట్

కొవిల్యాలో బస్సు దిగేటప్పటికి
నా సంచిలో నూట నలభై పేజీల వ్యూహం ఉంది.
ప్రాంతీయ నవకల్పన, రెండు వేల ముప్పై దాకా.
నాలుగు రంగుల బాణాలు, అన్నీ పైకే.
కొండ మాత్రం కిందికి చూస్తోంది
మూతబడ్డ మిల్లుల వరసని,
వాటి మధ్య, ఏ రంగు అద్దితే ఆ రంగులో
ఒకప్పుడు పారిన సన్నటి ఏటిని.
ఇప్పుడు నీళ్లు తేటగా ఉన్నాయి.
మా నివేదికలో అది పర్యావరణ విజయం, పన్నెండో పేజీ.

మునిసిపాలిటీ హాల్లో పొద్దుటంతా కూర్చున్నాం.
క్లస్టర్ అన్నారు, ఎకోసిస్టమ్ అన్నారు.
యూనివర్సిటీ, పరిశ్రమ, ప్రభుత్వం
అంటూ మూడు సున్నాలు గీసి
మూడూ కలిసేచోట పచ్చరంగు పూశారు.
"ఉన్ని ఈ ఊరి గతం, డేటా దీని భవిష్యత్తు"
అన్నాడొకాయన, ఉన్ని కోటు తొడుక్కుని.
గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టుంది నాకు.
అయినా రాసుకున్నాను. రాసుకోవడమే నా ఉద్యోగం.

మధ్యాహ్నానికి జాబితాలో ఒక్క పేరు మిగిలింది:
దెయోలిందా, డెబ్బై ఒకటి, రఫూ పని, నలభై మూడేళ్లు.
పక్కన ఎవరిదో పెన్సిల్ రాత:
"సంప్రదాయ నైపుణ్యాల ప్రతినిధి".

మగ్గం దిగిన బట్టని వాలుబల్ల మీద పరిచి
వేలికొసలతో చదవడం ఆమె పని.
తెగిన పడుగు, తప్పిన పేక, గసగసాల గింజంత ముడి.
"కంటికి ఆనవు. కన్నుకి తొందరెక్కువ.
లైటార్పినా పట్టేదాన్ని. ఫోర్‌మన్ పందెం కాశాడోసారి.
వాడి గడియారం ఇంకా నా దగ్గరే ఉంది."
తీసి చూపించింది. నడవడం లేదు.

ఫారం తీశాను.
మీ నైపుణ్యాన్ని విస్తరించే అవకాశం:
ఎక్కువ, మధ్యస్థం, తక్కువ?
ఆమె నవ్వలేదు.
"ఇల్దా నాకు నేర్పడానికి ఏడేళ్లు పట్టింది.
మీ పథకం ఎన్నేళ్లు?"
ఏడే, అన్నాను. నిధులు అంతవరకే.
"అయితే సరిపోతుంది.
మొదటేడు సూది ముట్టకూడదు.
బట్టని ముట్టుకుంటూ ఉండాలి, అంతే."
మా పట్టికలో మొదటేడుకే ఫలితం చూపాలి.

కిందటి వారం తెల్మో వచ్చాడట,
పాత అద్దకం షెడ్డులో కంపెనీ పెట్టిన కుర్రాడు.
బట్టలో తప్పులు పట్టే కెమెరా వాడిది.
మా నివేదికలో వాడికి రెండు పేజీలు, ఫోటోతో.
ఒకే తానులో కెమెరా పదకొండు పట్టింది,
ఆమె పద్నాలుగు.
ఆ మూడూ ఎలా, ఆ మూడూ ఎలా అంటూ
చీకటిపడేదాకా కదల్లేదట.
"మంచి పిల్లాడు. గోళ్లు కొరుక్కుంటాడు.
వేళ్లు పాడైపోతాయని చెప్పాను."
డబ్బేమైనా ఇచ్చాడా?
"కేకు తెచ్చాడు."

రాత్రి హోటల్లో
తెల్మో పేజీల అడుగున చిన్న అక్షరాల్లో రాశాను
ఆ మూడు తప్పులూ ఎవరి వేలికి తగిలాయో,
కేకు సంగతితో సహా.
పదిహేడో ఫుట్‌నోట్.

లిస్బన్ నుంచి తిరుగుటపాలో వచ్చింది:
"సూచిక ఏది? కొలమానం జతచేయండి,
లేదా తొలగించండి."

ఆ మధ్యాహ్నం మాటల మధ్యే
నా కోటు మోచేతి చిరుగు చూసి
చెయ్యి తన ఒళ్లోకి లాక్కుని
జాకెట్టు అంచున గుచ్చుకున్న సూదితో ఏదో చేసింది.
నేను రెండో చేత్తో ఫారం నింపుతూ ఉన్నాను.
చూడలేదు.

ఇప్పుడు ఆఫీసులో అందరూ వెళ్లిపోయాక
కోటు విప్పి దీపం కింద పెట్టాను.
కుడిదా, ఎడమదా?
ఎంత తిప్పినా అతుకు దొరకదు.
తెర మీద కొలమానం గడి
ఖాళీగా మినుకుమంటోంది.

దీపం ఆర్పేశాను.
కళ్లు మూసుకుని వేలితో తడుముతున్నాను.
ఇది నా మొదటేడు.