యాస

చోంగ్‌జిన్‌లో నా గొంతుకి తెల్లారి ఐదింటికి డ్యూటీ.
ఉక్కు ఫ్యాక్టరీ గేటు పక్కన రేకుల గది,
మైకుకి చుట్టిన ఎర్రగుడ్డ,
కిటికీ అద్దానికి లోపలివైపు మంచు.
నేను "లేవండి" అంటే
నాలుగు వీధుల దుప్పట్లు కదిలేవి.
కొలిమి చల్లారిపోయిన ఏళ్ళలో కూడా
టన్నుల లెక్క చదివాను,
కడుపులో గంజి గుడగుడలాడుతుంటే
మైకుకి వినబడకుండా పొట్ట అదిమిపట్టి.

లేని ఇనుముని తడబడకుండా చదవడంలో
పన్నెండేళ్ళ అనుభవం.
బయోడేటాలో దానికి గడి లేదు.

ఇక్కడికొచ్చాక, మూడు నెలల బడిలో
బ్యాంకు కార్డు ఏవైపు దూర్చాలో చెప్పారు,
చెత్తని ఎన్ని సంచుల్లోకి విడదీయాలో చెప్పారు.
"మీకేం పని వచ్చు?" అంది ఒక ఫారం.
"మాట్లాడటం" అని రాశాను.
కౌంటర్ దగ్గరి అమ్మాయి నవ్వలేదు, పాపం.
పెన్సిల్‌తో మెల్లగా కొట్టేసి
"వంటపని" అని రాసింది.

పుచోన్‌లో సూప్ హోటల్, గిన్నెల దొంతరలు.
"అక్కా, మీదే ఊరు? చైనా వైపా?"
కాదు, గాంగ్వోన్ కొండల వైపు, అనేదాన్ని.
అబద్ధం నాకు కొత్త కాదు,
ఇంత చిన్నదానికి నాలుక తడబడటమే కొత్త.

ఎదురింటి ప్యో మన్‌చోల్ అక్కడ పళ్ళ డాక్టరు.
పగలంతా పార్సెల్ పెట్టెలు మోసి
రాత్రి పరీక్ష పుస్తకం మీదే నిద్రపోతాడు.
"నోరు అదే, పళ్ళూ అవే,
పేర్లే మళ్ళీ నేర్చుకోవాలి" అంటాడు.
మూడోసారి తప్పాక ఆ మాట అనడం మానేశాడు.

నేను వాతావరణ వార్తల దగ్గర నేర్చుకున్నాను.
దిండు కింద ఫోను.
వాక్యం చివర గొంతు కొండ దిగకూడదు,
మెట్టెక్కి ఆగాలి.
రేపు మేఘావృతం. రేపు మేఘావృతం.
బ్రోకర్ అప్పు తీరేలోపు
నా నోట్లో మా ఊరు కనబడకుండా పోయింది.

ఏడో ఇంటర్వ్యూలో ఉద్యోగం వచ్చింది:
లిఫ్టు కంపెనీ అత్యవసర ఫోన్లు, రాత్రి షిఫ్టు.
మా ఊళ్ళో పై అంతస్తు ఎవరికీ వద్దు,
కరెంటు లేక నీళ్ళ బకెట్లు మోసుకెళ్ళాలి.
ఇక్కడ ఎత్తుకొద్దీ ధర.
నేనేమో బేస్‌మెంట్‌లో కూర్చుని
మధ్యలో ఆగిపోయినవాళ్ళతో మాట్లాడతాను.

మొన్న రెండింటికి
పద్దెనిమిదికీ పందొమ్మిదికీ మధ్య ఒక ముసలావిడ.
"భయపడకండి కస్టమర్ గారూ, టెక్నీషియన్ బయల్దేరారు."
మూడుసార్లు చదివాను.
"చీకటి, చీకటి" అంటూ ఎగశ్వాస.
అప్పుడు నా నోట్లోంచి మా అమ్మ
"ఓ అవ్వా, కింద కూచో,
గోడకి వీపానించు, నేనున్నా కదే" అంది.
కొండ దిగే మాట.

అటువైపు చప్పుడు లేదు.
తర్వాత, "నీది హామ్‌గ్యోంగ్ కదూ పిల్లా?"

ఇన్నాళ్ళూ ఆ ప్రశ్న అడిగినవాళ్ళు
నన్ను తూకం వేయడానికి అడిగారు.
ఆవిడ పొయ్యి దగ్గర చోటిస్తున్నట్టు అడిగింది.

యుద్ధంలో ఆరేళ్ళ పిల్లగా ఓడెక్కి వచ్చిందట.
మొగుడి ముందు కూడా ఆ యాస తియ్యలేదట.
ఇరవై రెండు నిమిషాలు
కొర్రలు కలిపి పులియబెట్టే చేప గురించి మాట్లాడుకున్నాం,
ముల్లంగి ఎప్పుడు వెయ్యాలన్న దగ్గర గొడవపడ్డాం.
తలుపు తెరుచుకుంది.
వెళ్ళొస్తానని కూడా అనలేదు.

పొద్దున సూపర్‌వైజర్ రికార్డింగ్ విన్నాడు.
ప్రామాణిక భాష వాడనందుకు మైనస్ ఐదు.
కస్టమర్ సంతృప్తికి ప్లస్ పది.
చదివి సంతకం పెట్టమన్నాడు.
లెక్కలు చదవడం నాకు అలవాటే,
అయినా రెండోసారి చదివాను.

ఆదివారం సంతలో కొర్రలు కొన్నాను.
ఆ చేప ఇక్కడ బాగా ఖరీదు.