ప్రాంప్టరు

ఆదోనిలో, తెర ఎనక, బ్యాటరీ లైటుతో నేను.
మద్దిలేటి మాట మర్చిపోయినాడు.
రెండుసార్లు అందిస్తి. వినల్యా.
"మా నాయన అప్పు తీర్చినాడప్పా,
నిద్దర మాత్రం బాకీ పడిపోయినాడు" అనేసినాడు.
పుస్తకంలో లేని మాట.
ముందు వరసలో బీడీలు ఆగినాయి.
ఎదురుగా షావుకారి వేషం
నోరు తెరిచి నిలబడిపాయ.
జిన్నింగు మిల్లు తూకం చీటీ ఎనక
జవాబు గీకి, వింగులోంచి తోస్తి.

పదకొండేండ్లాయ.
వాడు నడుస్తా చెప్తాడు, నేను కూచోని కొట్టేస్తా.
ఒక్క "అయితే" కాడ మూడు టీలు, రెండ్రోజుల అలక.
మిల్లు గోడ మీద సున్నంతో మా పేర్లు:
మద్దిలేటి – దస్తగిరి.
నడుమ గీత వంకర.

ఏ మాట ఎవరిదిరా అంటే
"బేలు యిప్పి అడుగుపో, ఏ చేని పత్తో" అంటాడు.

ఆ మొదటి మాట మాత్రం వాడిదే.
ఇంతవరకూ ఏ నాటకంలోనూ
దాన్ని ఇమడ్చలేకపోయినాం.