రెండు మార్కుల ప్రశ్న

ముప్పై ఒక్క ఏళ్ళు సుద్దముక్కతో
నల్లబల్ల మీద ఈ సరస్సును తవ్వింది నేనే.
ఒక గిన్నె, దాని అంచున రంపపు పళ్ళలాంటి కొండ,
మధ్యలో నాలుగు అడ్డగీతలు: నీళ్ళని అర్థం.
"హిమానీనదం తొలిచిన గుంటలో నిలిచిన నీరు.
రాసుకోండి. రెండు మార్కులు."
కిటికీ అవతల కదిరి ఎండకి
వేరుశెనగ చేను కరకరలాడుతుండేది.

మూడో బెంచీ చౌడప్ప లేచి అడిగాడొకసారి,
"మీరు చూసినారా మేడమ్?"
"పరీక్షలో అది అడగరు, కూర్చో" అన్నాను.

ఇది ఏప్రిల్ చివరివారం, టాస్మేనియా.
గోడలన్నిటికీ బొమ్మలేసుకున్న షెఫీల్డ్ ఊరు దాటాక
దారి కొండల్లోకి దూరింది.
కార్లు కిందే ఆపించి బస్సెక్కించారు.
డ్రైవరమ్మ మైకులో ఏమేమో చెప్పింది,
నాకు వాంబాట్ ఒక్కటే అర్థమైంది.
రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చిన మా చెల్లెలు ఉదయిని
ఆసుపత్రి బ్యాడ్జీ తియ్యకుండానే
అద్దానికి తల ఆనించి నిద్రపోయింది.

డవ్ సరస్సు దగ్గర దిగితే కొండ లేదు.
ఉండాల్సిన చోట తడిదుప్పటి ఆరేసినట్టు మబ్బు.
ఫోన్లు పైకెత్తినవాళ్ళు దించేసి
తిరుగు బస్సు టైము చూసుకుంటున్నారు.
ఉదయిని పాత పడవల పాకకి వీపు ఆనించి
"నువ్వెళ్ళి చూసి రా అక్కా" అని మళ్ళీ కళ్ళు మూసింది.

వెళ్ళాను.
గడ్డి వేర్లు నానిన వాగునీళ్ళు డికాషన్ రంగులో పారుతున్నాయి,
పాలు పోయడం ఎవరో మరిచిపోయినట్టు.
వాంబాట్ కనిపించలేదు గానీ దాని పెంటికలు కనిపించాయి,
నలుపలకలుగా, సాక్షాత్తూ ఘనాలు!
మా లెక్కల సారుకి ఫొటో పంపాను.
అడవంతా పచ్చగానే ఉంటానని భీష్మించుకుంటే
ఫేగస్ ఒక్కటే ఆకు రాల్చుకుంటోంది.
కాల్చిన బుల్లి అప్పడంలా ముడతలుపడ్డ ఆకు,
సగం పసుపు, సగం తుప్పు.
ఒకటి నా బూటు మీద పడింది. దులపలేదు.

అప్పుడొచ్చింది ఆ బండరాయి,
నీళ్ళ మీదికి ఒరిగి, ఏనుగు వీపంత.
దాని ఒంటినిండా గీతలు,
అన్నీ ఒకే వైపుకి.
అరచెయ్యి పెట్టాను.
వేళ్ళు వాటంతటవే గాడుల్లో పడ్డాయి.

మంచు జారుతుందని చెప్పాను పిల్లలకి,
సబ్బు జారినంత తేలిగ్గా.
జారలేదురా.
కడుపులో రాళ్ళు పెట్టుకుని
ఈడ్చుకుంటూ పోయింది,
రోజుకి ఇంతో అంతో,
తన కింద ఏం నలుగుతోందో చూసుకోకుండా.
నా బొమ్మలో ఈ రాయి లేదు.
ముప్పై ఒక్క ఏళ్ళూ లేదు.

ఎంతసేపున్నానో తెలీదు.
మబ్బు ఒక్క చోట చిరిగి,
నల్లటి పన్ను ఒకటి కనబడి, మూసుకుపోయింది.
గాలికి నీళ్ళ మీద అడ్డగీతలు లేచాయి.
అవి మాత్రం నేను గీసినట్టే ఉన్నాయి.

అలవాటుగా చెయ్యి కొంగుకి తుడుచుకోబోతే
కొంగు లేదు, ఉదయిని ఇచ్చిన రెయిన్‌కోటు.
వేళ్ళకి సుద్ద లేదు. ఉత్త చలి.

పాక దగ్గర ఆవలిస్తూ అడిగింది చెల్లెలు,
"కనబడిందా కొండ?"
"ఒక పన్ను" అన్నాను.

చౌడప్ప ఇప్పుడు లారీ తోలుతాడని విన్నాను,
హిందూపురం నుంచి ఎక్కడెక్కడికో.
ఎవరి దగ్గరైనా నంబరుంటుందేమో
బస్సులో కూర్చుని వెతకాలి.