ఐసు ముట్టుకోవద్దన్నారు

రెండో సుట్టు మందు ఎక్కినాంక
పెద్దాసుపత్రి నర్సమ్మ చీటీ సేతిలో పెట్టి చెప్పింది:
"వారం దినాలు సల్లటిది ముట్టుకోవద్దు దస్తగిరీ,
తాగేది గుడక గోరెచ్చగనే."
నవ్వొచ్చింది నాకు.
ఇరవై ఆరేండ్లుగా ఈ సేతులకు తెలిసిన పని
అదొక్కటే కదా తల్లీ,
రంపపు పొట్టులోంచి ఐసుగడ్డ తియ్యడం,
గోనెపట్టలో సుట్టి సుత్తితో కొట్టడం,
బుధవారపేట ఎండంతటికీ
నన్నారి కలిపి అందియ్యడం.

మర్నాడే మర్సిపోయి కడవలో చెంబు ముంచినా.
నీళ్ళు కావవి, కరెంటు.
వేలికొసల నించి మోచేతి దాకా సూదులు పరిగెత్తినాయి.
ఒక్క గుక్కకే గొంతులో ఎవరో గడియేసినట్లాయ.
బయట నలభై మూడు డిగ్రీలు.
లోపల కర్నూలోడు ఒకడు
ఫ్లాస్కు మూత తిప్పుకుంటా కూసున్నాడు.

నోట్లో ఎప్పుడూ రాగి పైసా నానుతుంటాది.
హుసేనమ్మ తిరగమాత పెడితే
నేను రుమాలు అడ్డం పెట్టుకోని సందులోకి పోతా.
అందుకని పది దినాలుగా ఆ యమ్మ గుడక
తిరగమాత లేని పప్పే తింటాంది, చెప్పదు.
నిమ్మకాయంత సంగటి ముద్ద మింగి
అది నిలుస్తుందో లేదోనని
ఇద్దరం గోడ గడియారం దిక్కు సూస్తాం,
బస్సు కోసం నిలబడినట్లు.

కోతకు దాటిపోయిందని పెద్ద డాక్టరు
ఆమెతో అన్న మాట నాకు తెలుసు.
నాకు తెలుసని ఆమెకు తెలీదు.
తెలుసేమో.

మాత్రలకు అరిసేతులు ఎర్రగ కమిలి
ఉల్లిపొరల మాదిరి లేస్తాండాయి.
రేషనంగడి కాడ వేలు పెడితే మిషను ఒప్పుకోలేదు.
"ఇంకో వేలు పెట్టప్పా."
పదీ పెట్టినా.
పదిట్లో ఒక్కటి గుడక నేను కాదంట.
ఎనక వరసలో ఎవరో గొణిగిరి.
హుసేనమ్మ ముందుకొచ్చి తన బొటనేలు ఒత్తింది,
బియ్యం పడినాయి.

ఎనిమిదో దినం బండి కాడికి పోయినా.
మేనల్లుడు ఖాజా ఐసు కొడతాండు,
ముక్కలు మరీ పెద్దవి. ఏమీ అనలే.
అలవాటుగ ఒక గలాసు నా ముందర పెట్టినాడు.
దాని ఒళ్ళంతా సెమట.
ముట్టుకోకుండా సూస్తా కూసున్నా
ఐసంతా కరిగి, గలాసు ఎండంత ఎచ్చబడేదాకా.
అప్పుడు తాగినా.
తీపి తెలీలే, పులుపు తెలీలే.
వేరు వాసన ఒకటి తెలిసింది,
చిన్నప్పుడు పూడిక తియ్యను బాయిలోకి దిగితే
వచ్చిన వాసన.
ఇన్నేండ్లూ దాన్ని నేనే
సక్కెర కింద, ఐసు కింద దాసిపెట్టినట్లుండాది.

"మామా, ఇరవై రూపాయలు,"
అన్నాడు ఖాజా, నవ్వకుండా.
నోటు తియ్యబోతే వేళ్ళు మండినాయి.
ఇచ్చినా.