ముక్కు మీద నిలిచేవి

కరకోల్‌లో ఆ మంగళవారం మైనస్ పదిహేడు.
జూరకాన్ తలుపు తోసుకుని లోపలికొచ్చింది.
గడప దాటగానే ఆమె కళ్లద్దాలు తెల్లబోయాయి.
తీసి, శాలువా కొసతో తుడిచి,
కుట్టిన దోమను విసిరినట్టు కౌంటర్ మీద పడేసింది.
ఒక కాడకి నల్ల టేపు,
రెండో కాడకి ఊలు దారం.

"నా ముక్కు మీద కోపం నిలుస్తుంది.
నలభై ఏళ్లుగా నిలుస్తూనే ఉంది, మా ఆయన్నడుగు.
ఇవి మాత్రం నిలవవు, క్లారా."

నాకు నవ్వొచ్చింది. నాదీ అలాంటి ముక్కే.
తూర్పు తీరం నుంచి మా తాతల్ని రైలెక్కించి
ఈ గడ్డినేలల్లో దింపినప్పుడు
సామాను వదిలేశారు గానీ ముక్కులు తెచ్చుకున్నారు.
ఎక్కడో ఎత్తు ముక్కుల ఊళ్లో గీసిన ఫ్రేములు
మా ఇద్దరి బుగ్గల మీదా చతికిలబడతాయి,
నవ్వితే కనుబొమల దాకా ఎగురుతాయి.

జూరకాన్‌వి తేనెటీగలు. కొండవాలులో నలభై పెట్టెలు.
తన బాధ చేతులతో చేసి చూపించింది:
మొహానికి వల, చేతులకి తొడుగులు,
తొడుగుల నిండా ఈగలు.
అద్దాలు జారితే ఏ వేలితో తోసుకోను?
గుర్రంలా మూతి ఎగరేయాలి.
"పోయిన వేసవిలో ఎనిమిదో పెట్టెలో
గుడ్లు కంటికి ఆనలేదు.
రాణి చచ్చిందనుకుని కొత్త రాణిని కొని పెట్టాను.
పాతది బతికే ఉంది.
కొత్తదాన్ని చంపేసింది."
కళ్లద్దాల ధర అడగలేదు.
ఆ రాణి ధర మాత్రం రెండుసార్లు చెప్పింది.

ముప్పై ఏళ్లయినా ఈ పనిలో ఒక చిక్కు నాకు అలవాటు కాలేదు:
అద్దాలు ఎంచుకోవాలంటే అద్దాలు తీసేయాలి.
ఖాళీ ఫ్రేము పెట్టుకుని అద్దంలోకి చూస్తే
అక్కడ ఎవరో ఉన్నారని తెలుస్తుంది, అంతే.
"ఎలా ఉన్నాను?" అని అద్దాన్ని అడగరు, నన్నడుగుతారు.
అద్దానికి మొహమాటం లేదు. నాకుంది.
ముఖప్రీతి మాటలు ఫ్రేముల పక్క అరలోనే పెట్టుకుంటాను.

ఆమెకి మాత్రం ఉన్నదే చెప్పాను.
గుండ్రటి బంగారు అంచుది: గుడ్లగూబ.
గోధుమరంగు పలకది: పన్ను వసూలుకొచ్చిన అధికారి.
"అయితే మా ఆయన భయపడతాడు," అంటూ కాసేపు ఉంచుకుంది.
కణతలు నొక్కేస్తుంటే తీసేసింది.

మూడోది తనే తడిమి తీసుకుంది.
"ఇదేం రంగు?"
"ఎరుపు."
"ఎలాంటి ఎరుపు?"
ఆలోచించాను. "మంచు పడ్డాక పొదల్లో
పిట్టలు తినకుండా మిగిల్చే పళ్లుంటాయే, అది."
"ఈగలకి ఎరుపు కనపడదు," అంది.
"పెట్టుకున్నాక నీకూ కనపడదు."
"మరి ఎవరికి?"
నేను స్క్రూడ్రైవర్ కోసం వెతికాను.

ముక్కుపట్టీలు మార్చి ఎత్తు పెంచాను.
కాడలు వేడిచేసి చెవుల వెనక వంచాను.
ఎడమ చెవి కుడిదానికంటే గోరంత పైన ఉంది.
అందరికీ అంతే, ఎవరిది వాళ్లకి తెలియదు.
ఒంగమన్నాను. తల విదిలించమన్నాను.
రొట్టె నమిలినట్టు నమలమన్నాను.
"ఇప్పుడు మీ ఆయన మీద కోపం తెచ్చుకో."
తెచ్చుకుంది.
నిలిచాయి.

బిష్కెక్ నుంచి అద్దాలు రావడానికి పదకొండు రోజులు.
వచ్చాక పెట్టుకుని, అద్దం ముందు చాలాసేపు నిలబడింది.
ఎరుపు గురించి ఒక్క మాట లేదు.
చెంప మీద వేలు పెట్టి,
"ఈ మచ్చ ఎప్పటిది?" అంది.
నాకేం తెలుసు.

తర్వాత నా వైపు తిరిగింది,
పెట్టె మూత తీసి లోపలికి వంగినట్టు వంగి.
"అయ్యో క్లారా," అంది, "నువ్వింత పెద్దదానివయ్యావా!"
నా వేలు దానంతటదే పైకి లేచింది.
"అదిగో," అంది జూరకాన్,
"నీవి జారుతున్నాయి."